జరిమానాలకూ ఆషాఢం సేలేనా?

సంపాదకులకు,

ట్రాఫిక్ జరిమానాలు ఇంకా పెంచితే తప్ప ప్రమాదాలు తగ్గవంటూ పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. కోపం చల్లారాక రాద్దామని ఇన్ని రోజులు ఆగాను. చల్లారలేదు.

ఇప్పటిదాకా పెంచలేదా ఏమిటి? 2019 సెప్టెంబరులో మోటారు వాహనాల చట్టానికి సవరణలు అమల్లోకి వచ్చి, హెల్మెట్ లేకపోతే వంద ఉన్న జరిమానా వెయ్యి అయింది. లైసెన్స్ లేకపోతే 500 కాస్తా 5,000. జనం గగ్గోలు పెట్టారు. ఆ నెల తిరక్కముందే కర్ణాటక ప్రభుత్వం చాలావాటిని తగ్గించి హెల్మెట్‌ది 500 చేసింది. దేశంలో ఆ ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,51,113 మంది, 2022లో 1,68,491 మంది. వాహనాలు పెరిగిన మాట నిజమే. కానీ జరిమానాకు భయపడి జనం మారారని దీన్ని చూసి ఎవరంటారు?

ఎందుకు మారతారు లెండి! చలాన్ల బాకీలు పేరుకుపోయాయని 2023 ఫిబ్రవరిలో ఇక్కడ కర్ణాటకలో సగం కడితే చాలన్నారు. 2025లోనూ అదే పాట. మా అపార్ట్‌మెంట్ కుర్రాళ్లు ఆషాఢం సేల్ కోసం చూసినట్టు దాని కోసం చూస్తున్నారు. చలానా రాగానే మొత్తం కట్టినవాడు వెర్రివాడు. పట్టుబడడం ఖాయమని తెలిస్తే 500 అయినా చాలు. లేదంటే ఎంత పెంచినా రసీదు లేని బేరాలకే గిరాకీ.

సాయంత్రం మారతహళ్లి బ్రిడ్జి దగ్గర కాసేపు నిలబడండి. మోచేతికి వేలాడే హెల్మెట్ పోలీసు కనబడగానే నెత్తికెక్కుతుంది, పట్టీ మాత్రం పెట్టరు. నాలుగడుగులు దాటగానే మళ్లీ మోచేతికే. రాంగ్ సైడ్‌లో వచ్చింది చాలక ఫుట్‌పాత్ ఎక్కి, నడిచేవాళ్ల మీదే హారన్ కొడతారు. ఆ ఫుట్‌పాత్ అయినా సరిగ్గా ఉందా? పలకలు లేచిపోయి, మా వయసు వాళ్లం కింద చూసుకుంటూ నడవాల్సిందే.

అదే చట్టంలో 198ఎ అని ఒక సెక్షన్ ఉంది. రోడ్డు డిజైన్‌లోనో, మరమ్మతుల్లోనో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోతే, కాంట్రాక్టరుకైనా బాధ్యత ఉన్న సంస్థకైనా లక్ష రూపాయల దాకా జరిమానా. ప్రాణానికి లక్ష, అదీ గరిష్ఠంగా! దీన్ని పెంచమని ఎవరూ వ్యాసం రాయరేం? చలాన్ల వసూళ్లు ఇన్ని కోట్లని గొప్పగా చెప్పుకునే అధికారులు, ఈ సెక్షన్ కింద బెంగళూరులో ఎంతమంది కాంట్రాక్టర్లతో కట్టించారో కూడా చెప్పాలి. మీ విలేకరిని పంపి అడిగించండి. వాళ్లు చెప్పిన లెక్క ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే వేయండి.

– ఒక విశ్రాంత ఉద్యోగి, మారతహళ్లి, బెంగళూరు