తెనాలి స్టేషన్ దగ్గర మా ట్రంకు పెట్టె కాపాడిన ఆటో అన్నయ్యకు

మొన్న కుండపోత వానలో మా పెట్టె మూత ఊడిపోతే, మీరు ఆటో మీది పట్టా విప్పి దాని మీద కప్పి, నిలువునా తడిసిపోయారు. అందులో ఉన్నవి మా తాతగారి కేసు డైరీలు అన్నయ్యా. ఆయన ప్లీడరీ మొదలుపెట్టినప్పుడు హైకోర్టులో వేసే సెకండ్ అప్పీలంటే మద్రాసు రైలెక్కాల్సిందే, 1954లో హైకోర్టు గుంటూరుకి వచ్చింది, హమ్మయ్య అనుకునేలోపే 1956లో హైదరాబాదు వెళ్లిపోయింది, ఆ తిరుగుళ్లన్నీ వాయిదా తేదీలతో సహా నీలం సిరాతో రాసుకున్నారు. చుక్క నీరు తగిలితే చెరిగిపోయే సిరా అది! నాన్నగారు వాటిని చూసే పని నేర్చుకున్నారు, ఇప్పుడు నేను. ఇంటికొచ్చి ఒక్కో పేజీ తిప్పి చూశాను, ఒక్క అక్షరం పోలేదు. డబ్బులిస్తే తీసుకోలేదు, పేరూ చెప్పలేదు. చాలా చాలా థాంక్స్ అన్నయ్యా. కోర్టు దగ్గర పాత ప్లీడరు గారి ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు, ఒక్కసారి రండి, అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది.