ఇంతకీ ఆ మేక దొరికిందా?

ఒరేయ్ మామా,

మీ కొండ మీద కమ్యూనిటీ రేడియో, అదే మీ ఊరివాళ్ళ కోసం నడిచే ఆ చిన్న ఎఫ్ఎం స్టేషన్, మూసేస్తున్నారని నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున బీసెంట్ రోడ్డులో చెప్పులు బేరమాడుతూ చదివాను. అక్కడే రెండు ముక్కలు కొట్టేద్దామనుకున్నా గానీ మనసొప్పలేదు, అందుకని రాత్రి అన్నం తిని తీరిగ్గా రాస్తున్నా. పొడుగైతే తిట్టుకోకు.

ముందు నా తప్పు ఒప్పుకుంటా. నువ్వు ఉత్తరాఖండ్‌లో ఆ స్కూల్లో చేరిన కొత్తలో, మా ఊరికి సొంత ఎఫ్ఎం ఉందిరా అని మురిసిపోతుంటే నేను నవ్వాను గుర్తుందా? దాని ట్రాన్స్‌మిటర్ బలం వంద వాట్లట! మన చిన్నప్పుడు వరండాలో వేలాడే పసుపుపచ్చ బల్బంత. అడ్డంగా ఒక కొండొస్తే అవతలి లోయలో గరగర తప్ప ఏమీ వినపడదని నువ్వే చెప్పావు. మనమేమో 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి వింటూ పెరిగినవాళ్ళం, 837 కిలోహెర్ట్జ్, మీడియం వేవ్, నేలని పట్టుకుని పాకుతుంది కాబట్టి ఎక్కడో పొలం గట్టు మీద పెట్టినా పలికేది. ఉషశ్రీ గారి ధర్మసందేహాలు వింటూ మా అమ్మమ్మ పులుసులో ఉప్పు రెండుసార్లు వేసిన కథ నీకు వెయ్యిసార్లు చెప్పాను కదా. ఆ లెక్కలో నీ బుల్లి రేడియో నాకు ఆనలేదు.

మా విజయవాడలో బుడమేరు వాగు పొంగాక ఆనింది. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. సింగ్‌నగర్‌లో బాబాయి వాళ్ళు మేడ మీద ఇరుక్కుపోయారు, కరెంటు లేదు, మధ్యాహ్నానికల్లా ఫోన్లన్నీ చచ్చిపోయాయి. అటక మీద తాతయ్య ట్రాన్సిస్టర్ ఉంటే దించి, ఇంట్లో రెండు గోడ గడియారాల్లోంచి చెరో సెల్లూ పీకి వేశాడట బాబాయి. పలికింది! మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో వరద 11.43 లక్షల క్యూసెక్కులని విన్నారు. తర్వాత కలిసినప్పుడు ఆయనన్న మాట ఇదీ: "అది కృష్ణ సంగతిరా, మా ఇంట్లోకొచ్చింది బుడమేరు. పడవ మా సందులోకి ఎప్పుడొస్తుందో, పాల ప్యాకెట్లు ఏ మలుపులో ఇస్తున్నారో చెప్పేవాడేడీ?" పెద్ద రేడియో తప్పు కాదది, రాష్ట్రమంతటికీ చెప్పాల్సినవాళ్ళు మా బాబాయి సందు పేరు ఎక్కడ చెప్తారు?

సరిగ్గా ఆ సందు పేరు చెప్పేదే కదరా మీ రేడియో. గ్యాస్ బండల లారీ ఇవాళ కింది మలుపు దాకే వస్తుందనీ, కొండచరియ పడింది కాబట్టి పిల్లల్ని పాత దారిన పంపమనీ. నువ్వు ఫోన్‌లో రికార్డు చేసి పంపావే, ఆ పెద్దావిడ గఢ్వాలీలో చదివేది, అర్థం కాకపోయినా నాలుగుసార్లు విన్నా. నువ్వు చెప్పిన అర్థం ప్రకారం నల్లమేక, ఎడమ చెవి చిరిగింది, మెడలో నీలం గుడ్డపీలిక, కనిపిస్తే గుడి కింది ఇంట్లో చెప్పండి. మధ్యలో ఆవిడకి నవ్వొచ్చింది, వెనక ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు, అంతే, రికార్డింగ్ తెగిపోయింది.

డబ్బుల సంగతి రాశావు కాబట్టి నేనూ కాస్త చదివా. కమ్యూనిటీ రేడియోలు గంటకి 12 నిమిషాలు ప్రకటనలు వేసుకోవచ్చట, సర్కారు ప్రకటనకైతే పది సెకన్లకి 74 రూపాయలు. బాగానే ఉంది, కానీ మీ కొండ మీద ప్రకటన ఇచ్చేదెవరు, టీ కొట్టాయనా? గ్రాంటు ఆగిపోయి, ట్రాన్స్‌మిటర్ మీద పిడుగు పడితే దాన్ని నడిపే ఆ చిన్న సంస్థ మాత్రం ఏం చేస్తుంది పాపం. సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలే వేసుకోవాలట. మేక తప్పిపోవడం వార్త కిందకి రాదన్నమాట, నయం!

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో సంగం రేడియో ఉంది చూడు, 2008 నుంచి పల్లెటూరి ఆడవాళ్ళే నడుపుతున్నారు, విత్తనాల గురించీ పండగల గురించీ వాళ్ళ యాసలోనే. మీవాళ్ళని ఒకసారి వాళ్ళతో మాట్లాడమను. లాభం ఉంటుందని మాటివ్వలేను గానీ, అడిగితే పోయేదేముంది. వాట్సాప్ గ్రూప్ పెట్టుకోవచ్చుగా అన్నాడట మీ హెడ్మాస్టరు, సిగ్నల్ కోసం ఆయనే వాటర్ ట్యాంక్ ఎక్కుతాడని నువ్వే కదా రాశావు!

ఒక పని చెయ్యి. మూసేలోగా ఒక రోజంతా కూర్చుని రికార్డు చెయ్యి, పాటలొద్దు, ఆ పెద్దావిడ చదివేవన్నీ. కంప్యూటర్లో పాతవి ఏమున్నా ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎత్తెయ్, డిస్క్ నేను పంపిస్తా, గోంగూర పచ్చడితో పాటు. పోయినసారిలా సీసా పగలకుండా స్టీలు డబ్బాలో పెడతాలే.

మేక సంగతి మాత్రం మర్చిపోకుండా రాయి. మా ఆవిడ కూడా అడుగుతోంది.

నీ
మామ