చెట్టు మొదట్లో మట్టి వదలండి బాబాయ్

బాబాయ్,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటోలు చూశాను. మన కొరిటెపాడు రావిచెట్టు చుట్టూ గ్రానైటు అరుగు కడదామని చందాలు ఎత్తుతున్నారట, నా వంతు పంపిస్తాను, దానికేముంది. ఇస్త్రీ బండి అబ్బాయికి, ఆటోవాళ్లకి, పొద్దున్నే ఒక్క పేపరును పదిమంది పంచుకుని చదివే మీ రిటైరైన బ్యాచ్‌కి కూర్చునే చోటు కావాల్సిందే. కానీ రెండో ఫోటోలో కంకర సరిగ్గా చెట్టు మొదలుకి ఆనించి పోసి ఉంది, అదే నాకు టెన్షన్.

ఇక్కడ అమెరికాలో, మా ఆస్టిన్‌లో ట్రీటీ ఓక్ (ఒప్పందపు ఓక్) అని ఒక చెట్టుంది. వయసు 500 ఏళ్లుంటుందని అంచనా. ఒకప్పుడు అక్కడ 14 ఓక్ చెట్ల గుంపు ఉండేదట, మిగిలింది ఇదొక్కటే. ఈ ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ స్టీఫెన్ ఆస్టిన్ దీని కిందే స్థానిక తెగలతో ఒప్పందం చేసుకున్నాడంటారు, మనవైపు ప్రతి గుట్టమీదా సీతారాములు ఆగి వెళ్లినట్టు అదీ ఒక కథే అనుకో. 1989లో ఒకడు దాని మొదట్లో వెల్పార్ అనే కలుపుమందు పోశాడు, వంద చెట్లను చంపేంత. ఆకులు రాలాయి, మళ్లీ చిగురేసింది, అదీ రాలింది. ఊరు ఊరంతా కదిలి వచ్చిందట, త్వరగా కోలుకో అని కార్డులు పెట్టారు, చికెన్ సూప్ తెచ్చినవాళ్లూ ఉన్నారు! రాస్ పెరో అనే కోటీశ్వరుడు ఖర్చు ఎంతైనా నాదే అన్నాడు. విషం పట్టిన మట్టి తవ్వి తీసేశారు, ఎండ తగలకుండా తెరలు కట్టారు, ఊటనీళ్లు చల్లారు. ఇంత చేసినా మూడింట రెండు వంతులు ఎండిపోయింది. మళ్లీ కాయలు కాసింది 1997లో. పోసినవాడికి తొమ్మిదేళ్ల శిక్ష పడిందిలే.

మనవాళ్లు విషం పొయ్యరు, నిజమే, ప్రేమతోనే సిమెంటు పోస్తారు. వేళ్లకు నీళ్లే కాదు, గాలీ అందాలి కదా. 2013లో మన గ్రీన్ ట్రిబ్యునల్, అదే పర్యావరణ కేసులు చూసే కోర్టు, ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమంది. మనది అంత పెద్ద మాను, ఇంకా ఎక్కువే వదలండి. అరుగు దూరంగా కట్టండి, పునాది కోసం లావు వేళ్లు నరకనివ్వొద్దు, ఎత్తు కోసం మొదలు చుట్టూ మట్టి నింపొద్దు, బెరడు కుళ్లిపోతుంది. ప్రదక్షిణలప్పుడు కాళ్లకు బురదంటుతోందని పిన్ని గొణిగితే కాస్త ఇసుక చల్లించు.

కాంక్రీటు కలిపే ముందే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా పర్లేదు, మేస్త్రీతో నేనే మాట్లాడతాను.