కథ పేరూ వేయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో జపాన్ సినిమా ‘రషోమన్’ మీద వచ్చిన వ్యాసం ఇష్టంగానే చదివాను. కానీ అందులో సినిమాకు మూలం జపాన్ రచయిత అకుతగావా ర్యునోసుకే రాసిన ‘రషోమన్’ కథ అని ఒకచోట, దర్శకుడు కురొసావా ఆ మూలాన్ని పూర్తిగా మార్చేశారని మరోచోట ఉంది. మొదటిది పావు వంతే నిజం. దాంతో రెండోది కూడా దారి తప్పింది.

సినిమాలోని హత్య, పొంతన కుదరని వాంగ్మూలాలు, చచ్చినవాడి సాక్ష్యం, ఇవన్నీ 1922లో వచ్చిన అకుతగావాదే మరో కథ ‘యబు నో నకా’లోవి. పొదల నడుమ అని ఆ పేరుకు అర్థం. 1915 నాటి ‘రషోమన్’ కథలో విచారణ ఊసే లేదు. కొలువు పోయిన నౌకరు ఒకడు వానకు తడవకుండా క్యోటో నగర ద్వారం కిందికి చేరతాడు. పైన శవాల తలల నుంచి జుట్టు పీకుతున్న ముసలమ్మను చూస్తాడు. చివరికి ఆమె ఒంటి మీది బట్ట లాక్కుని చీకట్లోకి పోతాడు. అంతే కథ. సినిమా దీని నుంచి పేరు, ద్వారం, వాన తీసుకుంది. ముసలమ్మను వదిలేసింది గానీ బట్ట లాక్కోవడాన్ని వదల్లేదు. చివర్లో ద్వారం దగ్గర ఎవరో వదిలేసిన పసిగుడ్డు మీది బట్టలు ఊడదీసుకునే మనిషిలో ఆ నౌకరే కనిపిస్తాడు.

ఇక మార్చేశారన్న మాట. ‘యబు నో నకా’లో మొదట నోరు విప్పేది కట్టెలు కొట్టేవాడు. శవం దగ్గర కత్తి గానీ మరేదైనా గానీ కనిపించిందా అంటే, ఏమీ లేదంటాడు. ఒక తాడు, ఒక దువ్వెన, అంతే. కథ చివర చచ్చిన సమురాయ్, అంటే యోధుడు, సోదె మనిషి నోట పలుకుతాడు. చురకత్తితో తానే పొడుచుకున్నానని, కొనప్రాణంతో ఉండగా ఎవరో మెల్లగా దగ్గరికొచ్చి గుండెలోంచి ఆ కత్తి లాగారని. ఎవరు? అకుతగావా చెప్పలేదు. షినొబు హషిమోటో, కురొసావా కలిసి రాసిన స్క్రీన్‌ప్లే ఈ రెండు కొసలనూ ముడివేసింది. కథలో నాలుగు ముక్కలు చెప్పి తప్పుకునే ఆ కట్టెలు కొట్టేవాడు సినిమాలో కత్తి దొంగ అయ్యాడు. కథలో లేని రెండో వాంగ్మూలం కూడా అతనికే దక్కింది. మూలాన్ని ఇంత దగ్గరగా చదివినవారిని మార్చేశారనడం అన్యాయం.

నాకూ ఒక పేచీ ఉంది. సినిమా చివర, అంతవరకూ అబద్ధమాడిన ఆ కట్టెలు కొట్టేవాడే బిడ్డను ఎత్తుకుని ఇంటికి బయలుదేరే వేళకు వాన వెలిసిపోతుంది. అకుతగావా అయితే ఆ వాన ఆపేవాడు కాడు.

1951లో వెనిస్ చిత్రోత్సవ బహుమతితో ‘రషోమన్’ పేరు ప్రపంచమంతా మోగింది. అసలు కథ పేరు ఆ మోతలో వినిపించకుండా పోయింది. తప్పు సినిమాది కాదు. రచయిత 1927లోనే కన్నుమూసినా, 1950 నాటి ఆ సినిమా టైటిళ్లలో ఆయన పేరుతో పాటు ‘యబు నో నకా’ నుంచి అని కథ పేరూ వేశారు. కథ మాదంటే మాదని రచ్చకెక్కడం మన సినిమాకు కొత్త కాదు. ఏ కథ, ఎవరిది అన్నది టైటిళ్లలో స్పష్టంగా వేయాలని నిర్మాతల సంఘాలు నియమం పెట్టుకోవచ్చు. మీ సమీక్షకులు నటీనటుల పేర్ల పక్కనే ఆ వివరం ఇవ్వడం మొదలుపెడితే సగం పని అవుతుంది.

పనిలో పని, ఈ రెండు కథలూ చిన్నవే. తెలుగు చేయించి వరుసగా రెండు ఆదివారాలు వేస్తారా?

– విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు