చెంచుల ఇళ్ల నమూనా చెంచులనే అడగాలి

సంపాదకులకు,

ఆస్ట్రేలియాలోని ఉలూరు దగ్గర 1995లో తెరిచిన సాంస్కృతిక కేంద్రాన్ని వాస్తుశిల్పి గ్రెగరీ బర్గెస్ అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలతో కలిసి ఆలోచించి రూపొందించారు. వారి గాథల్లోని కునియా, లిరు అనే రెండు పాములను తలపించేలా మెలికలు తిరిగిన మట్టి ఇటుకల కట్టడాలు అలా వచ్చినవే.

మన నల్లమల చెంచులకు మాత్రం పథకం ఏదైనా మైదాన ప్రాంతపు నలుచదరపు గదే దక్కుతోంది. తడికెల గోడలు, గడ్డి కప్పుతో ఉండే వారి గుండ్రటి గుడిసె ఏ ప్లానులోనూ కనిపించదు. అహోబిల నరసింహుణ్ణి తమ ఇంటి అల్లుడిగా భావించి, పార్వేట ఉత్సవంలో పల్లకీకి బాణాలు సంధించే ఆ జనానికి పెళ్లికీ కొలుపుకూ గూడెం నడుమ ఆరుబయలు ఎంత అవసరమో ముందుగా తెలుసుకోవాలి. పక్కా ఇల్లు వద్దని కాదు, వానకు కారని కప్పు వారికీ కావాలి. బాగా వెనుకబడిన గిరిజన తెగల కోసం కేంద్రం తెచ్చిన పీఎం జన్‌మన్ పథకం ఇళ్లకు పునాది తీసేముందు గూడెం పెద్దలతో, ముఖ్యంగా ఆడవారితో కూర్చుని నమూనా ఖరారు చేయాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, కర్నూలు