పెన్నా వరద అంచనాలో అటూ ఇటూ ఎంతో కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది కోవూరు పక్కన పడుగుపాడు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది మా ఊరి దగ్గరే. ఆ రాత్రి మైకులో ఏరు పెరుగుతా ఉంది జాగ్రత్త అని చెప్పి పోయారు గానీ ఏ వీధికి ఎంత నీళ్లొస్తాయో చెప్పలా, మేం బియ్యం బస్తాలు మంచాల మీదకెక్కించి ఇంక చాల్లే అనుకున్నాం, తెల్లారేసరికి మంచాలే మునిగినాయి.

ఇప్పుడు వరదకి ఏఐ వాడాలని అందరూ అంటున్నారు కాబట్టి రాస్తన్నా. మా చెల్లెలి కూతురు ఈ చదువే చదవతా ఉంది. పెన్నా మీద సోమశిల డ్యాం నుంచి వదిలిన నీళ్లు ఎక్కడ ఎంత లోతు పారతాయో కంప్యూటర్‌లో పూర్తిగా లెక్క కట్టాలంటే గంటలు పడతదంట, గేట్లెత్తినాక అంత టైం ఏడుంటది? అందుకని ఎండాకాలంలోనే, వదిలే నీళ్లు, వాన, సముద్రం పోటు మార్చి మార్చి కొన్ని వందల సార్లు ఆ లెక్క నడిపి పెట్టుకుంటే వాటిని చూసి మిషన్ నేర్చుకుని మిగతావాటికి సెకన్లలో జవాబిస్తది. దీన్నే ఎమ్యులేటర్ అంటారంట. అన్నం ఉడికిందా అని మెతుకు పట్టి చూస్తాం కదా, కాకపోతే ఇక్కడ పైనా అడుగునా అంచునా అన్ని చోట్లా పట్టి చూడాల. దీని మూలం 1951 నాటిదంట, దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో క్రిగ్ అనే ఇంజినీరు అక్కడక్కడా వేసిన బోర్లని బట్టి మధ్యలో బంగారం ఎంతుంటదో లెక్క కట్టాడు.

నాకు బాగా నచ్చింది ఏందంటే ఈ పద్ధతి ఒక్క అంకె చెప్పి ఊరుకోదు, అటూ ఇటూ ఎంత తేడా రావచ్చో కూడా చెప్తది, తనకి నేర్పని పరిస్థితి వస్తే ఆ తేడా పెద్దదైపోతది. ఆ రకంగా చెప్పని మిషన్లు కూడా ఉన్నాయి, అవి తెలియకపోయినా తెలిసినట్టే అంకె ఇచ్చేస్తాయి, నా భయమంతా వాటితోనే. 2021లో పైన, పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, కట్ట తెగడం అనేది నేర్పకపోతే మిషన్‌కి ఎట్ట తెలుస్తది? ఇసుక తవ్వి ఏటి అడుగు మారిపోయినా పాత లెక్క పనికిరాదు.

కాబట్టి అధికారులకి మీ పేపర్ ద్వారా నా మనవి, ఇట్టాంటిది పెడితే ప్రతి వానాకాలం ముందు ఏటి అడుగు మళ్లీ కొలిచి నేర్పించండి. మైకులో "మీ వీధికి రెండు నుంచి నాలుగు అడుగులు రావచ్చు" అని రెండంకెలూ చెప్పండి. నాలుగు అని ఆ రోజు వినుంటే బస్తాలు మిద్దె మీదకి మోసేవాళ్లం.

- ఒక పాఠకుడు, పడుగుపాడు, నెల్లూరు జిల్లా