నా కోలియస్ మొక్కల ఫోటోలు మీలో ఒక్కరైనా తెరిచి చూశారా?

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

మీ ఆన్‌లైన్ నర్సరీ నుంచి తెప్పించుకున్న కోలియస్ మొక్కలు, అదే రంగురంగుల ఆకుల మొక్కలు, పిండినల్లి అనే రసం పీల్చే పురుగు పట్టి వచ్చాయి. మొక్క అన్నాక పురుగు పడుతుంది, అంతమాత్రానికి ఇంత ఉత్తరం రాయను. ఆ ఒక్క ముక్క మీకు చెప్పుకోవడానికి మీ వాళ్లు నన్ను ఎన్ని తిప్పలు పెట్టారో చెప్పడానికి రాస్తున్నాను.

పెట్టె విప్పగానే పురుగు కనిపించింది. ఆకు తొడిమ కాడకు అతుక్కునే సందుల్లో తెల్లగా దూది నలుసుల్లా ఉంది. అగ్గిపుల్లతో కదిపితే జిగురు సాగింది. వెంటనే దగ్గర నుంచి ఫోటోలు తీసి మీ యాప్‌లో పెట్టాను. చాట్‌లో వచ్చిన జవాబు: "ఆకుల రంగు వెలుతురును బట్టి మారుతుంది మేడమ్, కంగారు పడకండి." కోలియస్‌కు వెలుతురు చాలకపోతే రంగు తేలిపోతుందని నాకూ తెలుసు. కానీ నేను రంగు గురించి ఒక్క అక్షరం రాయలేదు. పురుగు అని రాశాను, ఫోటో పెట్టాను. దాన్ని తెరవనేలేదు.

సరే అని ఫోన్ చేశాను. తెలుగు కోసం మూడు నొక్కమంటే నొక్కాను. హిందీలో మాట్లాడారు. వచ్చీరాని హిందీలో మొత్తం చెప్పుకుంటే, రోజూ రెండు పూటలా నీళ్లు పోయమని సలహా ఇచ్చారు. కోలియస్‌కు పైమట్టి ఆరాక పోయాలి. కుండీ అడుగున నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. మొక్కలు అమ్మే కంపెనీలో ఆ మాత్రం తెలిసినవాళ్లు ఒక్కరు లేకపోతే ఎలా అండీ? ఇంకో అబ్బాయి పెట్టె విప్పిన వీడియో అడిగాడు. పంపాను. మర్నాడు ఇంకొకరు మళ్లీ అదే వీడియో అడిగారు. మాట్లాడిన ప్రతివాళ్లకూ కథ మొదటి నుంచి చెప్పాలి, ప్రతివాళ్లూ "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని పెట్టేయాలి. ఆ మాట వింటేనే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతోంది.

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. "రీప్లేస్‌మెంట్ కావాలంటే మొక్కల మీద ఏమీ చల్లకండి, ఆకులు తెంపకండి, మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు" అని మీ వాళ్లే రాశారు. ఆ చాట్ నా దగ్గర భద్రంగా ఉంది. లేకపోతే మొదటి రోజే స్పిరిట్‌లో దూది ముంచి తుడిచి, సబ్బు నీళ్లలో వేపనూనె కలిపి కొట్టేదాన్ని. మీ మాట నమ్మి, వాటిని బాల్కనీలో ఓ మూలకు విడిగా పెట్టి ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. నేను ఇంట్లోనే ఉండగా "కస్టమర్ ఇంట్లో లేరు" అని మెసేజ్ వచ్చింది. ఆ వెంటనే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని ఇంకోటి. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు?

పిండినల్లి పిల్లలు పాకుతాయి. నేను వేచి ఉన్నన్నాళ్లలో అవి నా పాత కోలియస్‌కు పాకాయి, పక్కనున్న వాము మొక్కకూ పాకాయి. ఆ పాత కోలియస్ మా అమ్మ కడియంలో కొన్న మొక్క నుంచి తుంచి ఇచ్చిన కొమ్మ. ముదిరి కాడ సాగినప్పుడల్లా చివర తుంచి గ్లాసు నీళ్లలో పెట్టి, వేళ్లు రాగానే కుండీలో నాటుకుంటూ ఇన్నేళ్లు నిలుపుకొచ్చాను. ఇప్పుడు అందులో పురుగు లేని చిగురు ఒక్కటీ లేదు. వాము ఆకు పిల్లలకు జలుబు చేస్తే వాడతాం, దాని మీద మందు కొట్టలేను.

మీ దగ్గర ఏళ్లుగా కొంటున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో సగం మందికి మీ పేరు చెప్పింది నేనే. కడియం నర్సరీల్లో అయితే మొక్క చేతికిచ్చి చూపిస్తే, రైతు ఆకు తిప్పి చూసి అక్కడికక్కడే చెప్తాడు. మీ దగ్గర అలా చూసే మనిషి కోసమే ఇంతకాలం ఫోన్లు చేశాను.

2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో మీరు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ ఫోటోలు చూసినవాళ్లు, తెలుగు వచ్చినవాళ్లు నాకు ఫోన్ చేయాలి. డబ్బు వాపసు ఇస్తారో, ఆరోగ్యంగా ఉన్న మొక్కలు పంపుతారో అప్పుడు మాట్లాడదాం. నా పాత మొక్కకు మాత్రం మీరు జవాబు చెప్పి తీరాలి. ఈసారి కూడా చింతిస్తున్నాం అని ఫైల్ మూసేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే వేయొచ్చు, మీ ఊరు రానక్కర్లేదు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. చాట్‌లు, ఫోటోలు, వీడియో అన్నీ దీనితో మళ్లీ జతచేశాను. ఈసారైనా తెరవండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్